చుక్క ఎలా గీస్తే ఎన్నూరు కనబడుతుంది

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరు దగ్గరి కామరాజర్ రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. గ్యాస్ దించి వెళ్ళిపోతున్న బీడబ్ల్యూ మేపుల్ ఒకటి, చమురుతో రేవులోకి వస్తున్న డాన్ కాంచీపురం ఇంకొకటి. రెండో ఓడ నుంచి చిక్కటి నల్లటి ఇంధన నూనె సముద్రంలో కలిసింది. ఎర్ణావూరు ఒడ్డున వందలమంది బకెట్లతో ఆ జిగురుని తోడి పోస్తున్న దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ నూనె ఎటు కొట్టుకుపోతుందన్న లెక్క మాత్రం హైదరాబాదులో జరిగింది. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ సంస్థే చమురు తెట్టు దారిని కూడా అంచనా కడుతుంది. ఎన్నూరు ప్రమాదాన్ని ఆ సంస్థ శాస్త్రవేత్తలు తర్వాత వివరంగా అధ్యయనం చేసి 2018లో ప్రచురించారు.

ఆ లెక్కకి వాడిన నమూనా పేరు నోమ్. అమెరికా ప్రభుత్వ సముద్ర వాతావరణ సంస్థ నోవా తయారుచేసినది. అందులో నూనె పొరలా ఉండదు, చుక్కలుగా ఉంటుంది. ఒలికిన మొత్తాన్ని వెయ్యి చుక్కలకు పంచారనుకోండి, ఒక్కో చుక్కా ఒక్కో వాటా నూనెను మోస్తుంది. నీటి ఉరవడి, గాలి తోపు కలిసి ప్రతి చుక్కనీ కొంచెం కొంచెంగా జరుపుతుంటాయి. తేలుతున్నంతసేపూ అది చుక్క. ఒడ్డుకి తగులుకుంటే ఇంటూ గుర్తు అవుతుంది. రంగులోనూ ఒక విషయం ఉంది. గాలి, ప్రవాహాల అంచనాలు సరైనవే అనుకుంటే నూనె చేరే చోట్లు నల్లచుక్కలు. ఆ అంచనాలు కాస్త తప్పితే ఎక్కడెక్కడిదాకా పోవచ్చో అవి ఎర్రచుక్కలు. నల్లవి ఒక గుంపుగా ఉంటే ఎర్రవి దాని చుట్టూ చెదిరి ఉంటాయి. ఒడ్డున మనుషుల్నీ పరికరాల్నీ ఎక్కడ సిద్ధంగా ఉంచాలో తేల్చుకోవలసిన అధికారికి ఆ ఎర్రచుక్కలే ఎక్కువ పనికొస్తాయి.

నోమ్ లెక్కలో ఏ చుక్కకీ సహజంగా రంగు లేదు, ఆకారం లేదు. ఉన్నవి అక్షాంశం, రేఖాంశం, దానితోపాటు కొన్ని అంకెలు. నల్లగా, ఎర్రగా, ఇంటూగా గీయాలని ఎవరో కూర్చుని ఆలోచించి నిర్ణయించారు. ఇప్పుడు ఫోనులో, కంప్యూటరులో మనం వేళ్ళతో జరిపి చూసే మ్యాపులన్నిటి వెనకా ఇలాంటి నిర్ణయం ఒకటి ఉంటుంది. చాలాచోట్ల ఎవరూ తీసుకోకపోవడం వల్ల దానంతట అదే జరిగిపోయి ఉంటుంది. ఎన్నూరులాంటి చోట అలా వదిలేస్తే మ్యాపు అబద్ధం చెబుతుందని నా గట్టి నమ్మకం.

నీలం సూది గుర్తు

వెబ్ మ్యాపు చేయాలనుకునే విద్యార్థి, విలేఖరి, స్వచ్ఛంద కార్యకర్త మొదట పట్టుకునే పనిముట్టు చాలావరకు లీఫ్‌లెట్. ఉక్రెయిన్‌కి చెందిన వొలొదిమిర్ అగఫోన్కిన్ దీన్ని 2011లో విడుదల చేశాడు. ఉచితం, చాలా తేలిక, పాత ఫోనులో కూడా నడుస్తుంది. దానికి చుక్కల సమాచారం అందించే పద్ధతి జియోజేసన్. ఇది మామూలు అక్షరాల్లో రాసే ఫైలు. ఒక్కో చుక్కకీ చోటు, పేరు, తేదీ, కొలత, ఇంకా మనం ఏం రాస్తే అది ఉంటుంది. ఎలా కనబడాలన్నది మాత్రం అందులో ఉండదు. ఆ మాట చెప్పకపోతే లీఫ్‌లెట్ తనకు తెలిసిన ఒకే ఒక్క గుర్తుని అన్నిటికీ పెట్టేస్తుంది. అందరికీ తెలిసిన నీలం సూది గుర్తు అదే.

దాని కొలత 25 పిక్సెళ్ళ వెడల్పు, 41 పిక్సెళ్ళ ఎత్తు. మొన ఉన్న చోటే అసలు చోటు, ఒళ్ళంతా మొనకి పైన, అంటే మ్యాపులో ఉత్తరాన పరచుకుంటుంది. చెన్నై మహానగరమంతా తెరమీద పట్టేట్టు జూమ్ 10లో చూస్తున్నామనుకోండి. ఎన్నూరు ఉన్న అక్షాంశం దగ్గర ఆ జూమ్‌లో ఒక పిక్సెల్ అంటే నేలమీద సుమారు 149 మీటర్లు. ఆ లెక్కన గుర్తు దాదాపు 3.7 కిలోమీటర్ల వెడల్పు, 6 కిలోమీటర్ల పొడవు ఉన్న ప్రాంతాన్ని కప్పేస్తుంది. మొనని ఎన్నూరు ఉప్పుటేరు ముఖద్వారం దగ్గర ఆన్చి చూడండి. ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం, కామరాజర్ రేవు, వాటి మధ్య మిగిలిన మడ నేలలు అన్నీ ఆ నీలిరంగు కిందికి పోతాయి. చిత్తూరు వైపు నుంచి వచ్చే కుశస్థలి నదీ, ఆంధ్ర తీరం వెంట దిగివచ్చే బకింగ్‌హామ్ కాలువా కలిసే చోటు అది. ఆ నీళ్ళనే నమ్ముకున్న మత్స్యకారుల కుప్పాలున్న చోటు. ఆ చోటు గురించి చెప్పడానికి పెట్టిన గుర్తే ఆ చోటుని కనబడకుండా చేస్తుంది.

దీన్ని మార్చడానికి లీఫ్‌లెట్ ఇచ్చిన తలుపు పేరు పాయింట్‌టులేయర్. జియోజేసన్‌లోని ప్రతి చుక్కనీ తెరమీద పెట్టేముందు లీఫ్‌లెట్ ఆ పేరుగల ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఇదిగో చుక్క తాలూకు వివరాలు, ఇదిగో దాని చోటు, ఏం గీయమంటావు అని అడుగుతున్నట్టే. మనం వివరాలు చదివి, వృత్తం గీయమనో, బొమ్మ పెట్టమనో, బాణం తిప్పమనో, అసలు ఏమీ గీయవద్దనో చెప్పవచ్చు. రెండు మూడు వరుసల కోడు చాలు.

ఇక్కడ కొత్తవాళ్ళందరూ ఒక్కసారైనా తగులుకునే రాయి ఒకటుంది. జియోజేసన్ రేఖాంశాన్ని ముందు రాస్తుంది, లీఫ్‌లెట్ అక్షాంశాన్ని ముందు అడుగుతుంది. ఎన్నూరు సుమారు 13.2 ఉత్తర అక్షాంశం, 80.3 తూర్పు రేఖాంశం మీద ఉంది. వరుస తారుమారైతే ఎన్నూరు వెళ్ళి నార్వేకి ఉత్తరాన, స్వాల్బార్డ్ దీవులు దాటిన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. మ్యాపు ఖాళీగా కనబడితే మొదట అక్కడ వెతకాలి.

రెండు రకాల వృత్తాలు

సూది గుర్తు తీసేసి వృత్తం పెడదామనుకుంటే లీఫ్‌లెట్‌లో రెండు రకాలు దొరుకుతాయి. పైకి ఒకేలా ఉంటాయి. ఒకదాని వ్యాసార్థం పిక్సెళ్ళలో చెబుతాం, జూమ్ ఎంత మార్చినా తెరమీద అదే సైజులో ఉంటుంది. రెండోదాని వ్యాసార్థం మీటర్లలో చెబుతాం, దగ్గరికి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది.

ఈ తేడా సాంకేతికమైనదిగా కనబడినా నిజానికి అర్థానికి సంబంధించినది. ఎన్నూరుకి దగ్గర్లోని మణలిలో గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలున్నాయి. అక్కడి కొలతను పిక్సెళ్ళ వృత్తంగా గీస్తే, ఇక్కడ ఒక పరికరం ఉంది, అది ఇంత చూపించింది అని చెప్పినట్టు. అంతకుమించి ఏమీ అనలేదు. అదే కొలతను 2,000 మీటర్ల వృత్తంగా గీస్తే, ఈ చుట్టూ రెండు కిలోమీటర్ల గాలి ఇలా ఉంది అని హామీ ఇచ్చినట్టు. ఆ హామీ ఎవరిచ్చారు? చెన్నైలో మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే తీరంలోని పొగ లోపలికి మళ్ళుతుంది. పొద్దున ఒక వైపున్న గాలి సాయంత్రానికి ఇంకో వైపుంటుంది. పరికరం చుట్టూ గీసిన గుండ్రటి గీతకి ఆ సంగతేమీ తెలియదు. కనక మీటర్ల వృత్తాన్ని నిజంగా దూరంతో నిర్వచించినవాటికి మాత్రమే ఉంచుకోవాలి. ఫలానా దూరంలోపు ఖాళీ చేయించాలి, ఫలానా దూరంలోపు కట్టడాలు కూడదు అన్నలాంటివాటికి అది సరైన గుర్తు.

సైజుతో అంకెను చెప్పాలనుకున్నప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఒకచోట కొలత 100, ఇంకోచోట 400. వ్యాసార్థాన్ని నాలుగురెట్లు చేస్తే వైశాల్యం పదహారు రెట్లవుతుంది, కన్ను చూసేది వైశాల్యాన్నే. అందుకని కొలతకి వర్గమూలం తీసి దాన్ని వ్యాసార్థంగా వాడాలి. అప్పుడు 400 వృత్తం 100 వృత్తానికి రెట్టింపు వ్యాసార్థంతో, నాలుగురెట్ల వైశాల్యంతో ఉంటుంది. అమెరికా పటశాస్త్రజ్ఞుడు జేమ్స్ ఫ్లానరీ మనుషుల మీద ప్రయోగాలు చేసి, పెద్ద వృత్తాలను జనం నిజంకన్నా కాస్త చిన్నవిగానే అంచనా వేస్తారని చూపించాడు, దానికి సరిపడా పెంచే సూత్రం కూడా ఇచ్చాడు. నేనైతే వర్గమూలం దగ్గరే ఆగి, మ్యాపు మూలన మూడు నమూనా వృత్తాలు అంకెలతో సహా పెట్టడం మేలంటాను. చూసేవాడి చేతికి కొలబద్ద ఇచ్చేస్తే కన్ను చేసే పొరపాటు తగ్గుతుంది. పెద్ద వృత్తాల్ని ముందు, చిన్నవాటిని వాటిమీద గీయాలి, లేకపోతే చిన్నవి పెద్దవాటికింద పడి మాయమవుతాయి.

ఖాళీ గడికి పచ్చరంగు

రంగు దగ్గర కాస్త ఆగాలి. నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

మన దేశపు గాలి నాణ్యత సూచీకి ఆరు మెట్లున్నాయి. 50 దాకా ముదురుపచ్చ, 100 దాకా లేతపచ్చ, 200 దాకా పసుపు, 300 దాకా నారింజ, 400 దాకా ఎరుపు, ఆపైన ముదురెరుపు. మ్యాపులో దీన్ని రాసే మామూలు పద్ధతి ఇది: కొలత 50కి తక్కువగానో సమానంగానో ఉంటే ముదురుపచ్చ, లేకపోతే 100కి తక్కువగానో సమానంగానో ఉంటే లేతపచ్చ, ఇలా దిగుతూ పోయి చివరికి ఏదీ కాకపోతే ముదురెరుపు. చదవడానికి ఇందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు వరదొచ్చి కరెంటు పోయి ఒక కేంద్రం ఆగిపోయిందనుకోండి. డేటాలో ఆ గంటకి కొలత ఉండదు, దాని స్థానంలో నల్ అనే ఖాళీ విలువ వస్తుంది. బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్ట్ భాష నల్‌ని అంకెకన్నా తక్కువా ఎక్కువా అని పోల్చవలసి వచ్చినప్పుడు దాన్ని సున్నాగా తీసుకుంటుంది. సున్నా 50కన్నా తక్కువే కదా. ఆగిపోయిన కేంద్రం మ్యాపులో ముదురుపచ్చగా, స్వచ్ఛమైన గాలిగా వెలుగుతుంది. ఇదే కొలత గడి ఖాళీగా కాక మొత్తానికే లేకపోతే వచ్చేది ఇంకో విలువ, అన్‌డిఫైన్డ్. అది అంకెకన్నా తక్కువా అన్నా, ఎక్కువా అన్నా జవాబు కాదు అనే వస్తుంది. అప్పుడు అన్ని మెట్లూ జారి చివరి ముదురెరుపుకి చేరుతుంది. పరికరం ఒక్కటే, ఆగిపోయింది. ఫైలు రాసిన తీరుని బట్టి ఒక మ్యాపులో అంతా బాగున్నట్టు, ఇంకో మ్యాపులో ప్రాణాంతకంగా ఉన్నట్టు కనబడుతుంది. ఎక్కడా దోష సందేశం రాదు.

2023 డిసెంబరు మొదటివారంలో మిచాంగ్ తుపాను వానలకి మణలి పారిశ్రామిక వాడ వైపు నుంచి చమురు వరదనీటితో కలిసి బకింగ్‌హామ్ కాలువ గుండా ఎన్నూరు ఉప్పుటేరులోకి చేరింది. ఇళ్ళ గోడలమీద, పడవలమీద, వలలమీద నల్లటి చారలు పడ్డాయి. అలాంటి రోజునే పరికరాలు కూడా ఆగే అవకాశం ఎక్కువ. సమాచారం అందరికన్నా ఎక్కువ అవసరమైన రోజున, అది లేకపోవడాన్ని పచ్చరంగుతో గీయడం మనుషులకి చేసే అన్యాయం.

మందు చిన్నదే. రంగు నిర్ణయించే ముందు, అంకె ఉందా లేదా అని ఒక వరుసలో అడగాలి. లేకపోతే లోపల రంగు నింపకుండా బూడిదరంగు అంచుతో బోలు వృత్తం గీయాలి. కేంద్రం ఉంది, కొలత రాలేదు అని అది చెబుతుంది. చుక్కని పూర్తిగా దాచేయడం నాకిష్టం లేదు, ఆగిపోయిందన్నది కూడా వార్తే. పచ్చ, ఎరుపుల మధ్య తేడా తెలియని చూపుగలవాళ్ళు మగవాళ్ళలో తక్కువేమీ కాదు కనక వృత్తంలోపల అంకెను కూడా వేస్తే రంగు ఒక్కదానిమీదే భారం పడదు.

గుంపుల్లో పోయేవి

ఒకే వీధి నుంచి ఇరవై ఫిర్యాదులు వస్తే ఇరవై చుక్కలూ ఒకదానిమీద ఒకటి పడి ఒక్కటిగా కనబడతాయి. ఈ ఇబ్బంది వెబ్ మ్యాపులకన్నా పాతది. 1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు పటంమీద ఒక్కో మరణానికి ఒక్కో చిన్న నల్లగీత గీశాడు. ఒకే ఇంట్లో చాలామంది పోతే గీతల్ని ఒకదానిపక్కన ఒకటి పేర్చాడు. బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టూ గీతలు గుట్టలుగా లేచాయి. అతను మామూలు చుక్కలు పెట్టి ఉంటే ఆ గుట్టలు ఉండేవి కావు.

లీఫ్‌లెట్‌లో ఈ పనికి క్లస్టర్ అనే జోడింపు ఉంది. దగ్గరదగ్గర చుక్కల్ని కలిపి, లోపల ఎన్నున్నాయో అంకె వేసి ఒక బుడగగా చూపిస్తుంది. నొక్కితే విడిపోతాయి. ఎంతో పనికొచ్చేదే. కానీ దాని సొంత రంగులు చూడండి. పదిలోపు ఉంటే పచ్చ, వందలోపు పసుపు, ఆపైన నారింజ. ఆ రంగులు చెప్పేది లెక్కనే, తీవ్రతను కాదు. కాలుష్యం మ్యాపుమీద చమురు ఒలికిన మూడు చోట్లు కలిస్తే పచ్చబుడగ వస్తుంది. చూసేవాడు పచ్చను క్షేమం అనే చదువుతాడు, ఇంకెలా చదువుతాడు? పైగా బుడగ కూర్చునేది లోపలి చుక్కల సగటు చోట. ఉప్పుటేటికి ఇటో రెండు, అటో రెండు ఉంటే బుడగ ఎవరూ ఏమీ చెప్పని నీళ్ళ నడుమ తేలుతుంది. అందుకని క్లస్టర్ వాడేటప్పుడు బుడగకి కూడా మన సొంత రూపమే ఇవ్వాలి. రంగులేని బూడిదబుడగ, లోపల అంకె, చుట్టూ సన్నటి వలయంలో లోపలున్నవాటిలో అన్నిటికన్నా చెడ్డదాని రంగు. ఆ ఒక్క వలయంతో పెద్ద ప్రమాదం చిన్నచిన్నవాటి మధ్య తప్పిపోకుండా ఉంటుంది.

చుక్క చాలనప్పుడు

కొన్నిటిని చుక్కగా గీయడమే తప్పు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై మునిగినప్పుడు, జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పనిచేసే అరుణ్ గణేశ్, అతనితోటివాళ్ళు ఒక మ్యాపు పెట్టారు. నీళ్ళు నిలిచిన వీధిని జనం నొక్కితే ఆ వీధి మొత్తం రంగు మారేది. సూది గుర్తులు పెట్టే ఆలోచన మొదట వచ్చేదే, కానీ వరదలో మనిషికి కావలసింది ఈ దారిన పోవచ్చా లేదా అన్నది. దానికి జవాబు చుక్కలో లేదు, గీతలో ఉంది.

2023 డిసెంబరు 26 రాత్రి ఎన్నూరు తీరంలో సముద్రం అడుగున వేసిన అమ్మోనియా గొట్టం లీకైంది. పెరియకుప్పం, చిన్నకుప్పం జనం ఊపిరాడక పిల్లల్ని ఎత్తుకుని ఇళ్ళు వదిలి పరుగెత్తారు, చాలామంది ఆసుపత్రుల్లో చేరారు. గొట్టం పగిలిన చోటు ఒక చుక్క. మనుషులు ఉక్కిరిబిక్కిరైన చోట్లు వేరు. ఆ రెంటినీ కలిపేది గాలి, దాన్ని చూపాలంటే బాణం కావాలి. లీఫ్‌లెట్‌లో చుక్క స్థానంలో బాణం బొమ్మ పెట్టి డిగ్రీలలో తిప్పవచ్చు. అయితే వాతావరణశాఖ లెక్కలో గాలి దిశ అంటే గాలి ఎటునుంచి వస్తోందో ఆ దిశ. ఈశాన్యపు గాలి వీస్తోందనుకోండి, దాని దిశ 45 డిగ్రీలు. బాణాన్ని యథాతథంగా 45 డిగ్రీలు తిప్పితే అది సముద్రం వైపు చూపిస్తుంది, నిజానికి విషవాయువు నైరుతి వైపు, ఊరిమీదికి వస్తోంది. 180 కలిపి 225 చేయాలి. ఈ కూడిక మరిచిపోయిన మ్యాపు జనాన్ని గాలికి అడ్డంగా పక్కకి పొమ్మనవలసింది పోయి, గాలి వెంటే పొమ్మంటుంది.

మత్స్యకారుల సంగతీ అంతే. ఊరి పేరుమీద ఒక చుక్క పెట్టి ఇక్కడ ఇన్ని కుటుంబాలు అని రాస్తాం. వాళ్ళ బతుకు ఆ చుక్కలో లేదు, వల వేసే నీళ్ళలో, రొయ్యల్ని చేత్తో ఏరే బురదనేలలో ఉంది. ఆ ప్రాంతాన్ని వాళ్ళతో కూర్చుని హద్దులతో గీయాలి. ఊరి చుక్క ఒక్కటే ఉన్న మ్యాపు చూసి, ఇక్కడ కట్టడం వల్ల ఎవరికీ నష్టం లేదని ఎవరైనా అనగలరు.

ఫోనులో, మన అక్షరాల్లో

ఇదంతా చివరికి ఆరంగుళాల తెరమీద, ఎండలో, తడిచేతుల మధ్య కనబడాలి. ఎనిమిది పిక్సెళ్ళ వృత్తం అందంగా ఉంటుంది, వేలికి చిక్కదు. తాకే వస్తువు కనీసం 44 పిక్సెళ్ళుండాలన్నది స్థిరపడిన కొలత. అందుకని చిన్నవృత్తం కింద కనబడని పెద్దవృత్తం ఒకటి పెట్టి, తాకుడుని దానిచేత పట్టించాలి. చుక్కలు వేలల్లో ఉంటే ఇంకో జాగ్రత్త. లీఫ్‌లెట్ మామూలుగా ప్రతి వృత్తాన్నీ పేజీలో విడి వస్తువుగా ఉంచుతుంది, చవక ఫోను ఆ బరువుకి మొరాయిస్తుంది. కాన్వాస్ వాడమని చెబితే అన్నిటినీ ఒకే పలకమీద గీసేస్తుంది. నోమ్ ఇచ్చే వెయ్యి చుక్కలు అప్పుడు సాఫీగా కదులుతాయి. లక్షల్లో ఉంటే, గీసే పనిని గ్రాఫిక్స్ చిప్పుకి అప్పగించే వెబ్‌జీఎల్ మీద నడిచే మ్యాప్‌లిబ్రె వంటి వాటికి పోవాలి.

అక్కడ మాత్రం మనవాళ్ళకో కష్టం ఉంది. ఆ రకం మ్యాపులు అక్షరాల్ని బ్రౌజరుకి వదలకుండా సొంతంగా, ఒక్కో అక్షరం బొమ్మ పక్కన ఇంకోటి పెట్టుకుంటూ గీస్తాయి. ఇంగ్లీషుకి అది చాలు. గుణింతం, ఒత్తు కలిసి ఒకే ఆకారమయ్యే తెలుగుకి చాలదు. సూళ్ళూరుపేట అని రాస్తే ఒత్తు ఊడిపోయి పక్కన పడే ప్రమాదం ఉంది. ఎంతోకాలంగా ఉన్న లోటు ఇది. లీఫ్‌లెట్‌లో చుక్క పక్కన చూపే చీటీ మామూలు పేజీ అక్షరాలే కనక తెలుగు, తమిళం రెండూ సరిగ్గా వస్తాయి. ఎన్నూరు మ్యాపుకి చుక్కలు కొద్దివేలే అయినప్పుడు నేను లీఫ్‌లెట్‌నే ఎంచుకోవడానికి ఇదొక కారణం. అక్కడ తమిళం ముందుండాలి. ఉత్తర చెన్నైలో తెలుగు ఇళ్ళూ చాలా ఉన్నాయి కనక తెలుగుకి ఒక మీట ఉండాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికీ తెలుగు పేరు కోసం ప్రత్యేకంగా గడి ఉంది. ఒక ఖాతా తెరిచి, ఊరివాళ్ళు పలికే తీరు విని, ఆ గడిని ఎవరైనా నింపవచ్చు.